ముసవ్విర్ జంగ్ రాజా దీన్‌దయాళ్

రాజులను గూర్చి గ్రంథాలు వ్రాసినవారు మన దేశంలో అనేకులు గలరు. ఆ రాజుల ముఖాలను ఉన్నవి ఉన్నట్లుగా తరువాతి తరాలకు అప్పగించి వెళ్ళినవారు కొద్దిమందే. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ రూపురేఖలు, ఆయన దర్బారు, ఆయన వేట, ఆయన సేనల కవాతు నేడు మనకు కన్నుల కట్టినట్లు తెలియుచున్నవంటే, అందుకు ముఖ్యకారకుడు రాజా లాలా దీన్‌దయాళ్. హైదరాబాదు చరిత్ర చదివే విద్యార్థులు ఈయన తీసిన చిత్రాలను చూచియే ఉందురు. తీసినవాని పేరు అడిగితే మాత్రం తరగతిలో ఒక్క చేయి లేవదు.

ఈయన జీవితాన్ని వ్రాయవలెనన్న తలపు నాకు ఒక చిన్న సంఘటన వలన కలిగినది. కుప్పం ప్రాంతం నుండి వచ్చి చదువుకొనే విద్యార్థి ఒకడు తమ ఇంటి పాత తస్వీరు ఒకటి తెచ్చి చూపించాడు. కుర్చీలో ఒక ఆంగ్ల సైనికాధికారి. ప్రక్కన తలపాగా, గడ్డంతో నిలుచున్న పెద్దమనిషి. ఆయన ఈ విద్యార్థికి ముత్తాత వరుస. పటాలంతో పాటు సికింద్రాబాదు వెళ్ళినప్పుడు తీయించుకొన్నదని ఇంటివారు చెప్పుకొందురట. అట్ట వెనుక ఏమున్నదో చూద్దామని త్రిప్పితిని. ఏమీ లేదు. ఫ్రేములో పట్టలేదని పటాలు కట్టే దుకాణంలో అట్ట వెనుకపొరను ఊడబెరికి, అడుగు అంచును కత్తిరించి వేసినారట. ఆ పొర మీదనే స్టూడియో పేరు, ఊరు, వరుస సంఖ్య ముద్రించి ఉండేవి. ఆ కత్తిరింపుతో సగం చరిత్ర చెత్తబుట్టలోనికి పోయినది.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనా గ్రామంలో జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో ప్రజా పనుల శాఖలో అంచనాలు వేయు, నక్షాలు గీయు ఉద్యోగంలో చేరారు. అంటే వృత్తిరీత్యా ఆయన గీతలు, కొలతలు ఎరిగిన మనిషి. 1874 ప్రాంతంలో కెమెరా చేతబట్టారు. మధ్య భారతంలో గవర్నరు జనరలు ఏజెంటుగా ఉండిన సర్ హెన్రీ డేలీ ప్రోత్సాహం ఆయనకు లభించినది. 1875–76లో వేల్స్ యువరాజు భారత పర్యటనకు వచ్చినప్పుడు ఆయన చిత్రాన్ని తీసే అవకాశం దక్కినది. తరువాత సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి కోటలను, దేవాలయాలను, రాజప్రాసాదాలను చిత్రించారు. మధ్య భారతపు కట్టడాలను గూర్చి గ్రిఫిన్ 1886లో ప్రకటించిన గ్రంథంలోని చిత్రాలు దీన్‌దయాళ్ తీసినవే.

ఈ పని ఆనాడు ఎంత కష్టమైనదో నేటి విద్యార్థులకు ఊహకు అందదు. ఆయన ఈ విద్య మొదలు పెట్టిన నాళ్ళలో తడి పలక పద్ధతియే వాడుకలో ఉండెను. గాజు పలకకు మందు పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, ఆరకముందే చీకటి గుడారంలో కడుగవలెను. ఎడ్లబండి మీద గాజు పలకలు, మందుసీసాలు, గుడారం, నీళ్ళు మోసికొని పోవలెను. ఎండాకాలంలో పలక త్వరగా ఆరిపోవును. ఒక్క నిమిషం ఆలస్యమైతే శ్రమంతా వృథా. ముద్ర వేయు కాగితానికి కోడిగ్రుడ్డు తెల్లసొన పూసేవారు. పొడి పలకలు వచ్చిన తరువాత భారం కొంత తగ్గినది.

1880ల నడుమ ఆయన హైదరాబాదు వచ్చి నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. సికింద్రాబాదు అంటే ఆ రోజులలో లష్కరు. దేశంలోని పెద్ద దండులలో ఒకటి. అక్కడి ఆంగ్లాధికారులు స్వదేశానికి పంపుకొనుటకు తమ చిత్రాలు తీయించుకొనేవారు. పటాలాల విన్యాసాలు, గుర్రపు పందెములు, విందులు, నవాబుల కుటుంబాలు, అన్నీ ఆయన పలకలపై నిలిచినవి. 1894లో నిజాము ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు ప్రసాదించాడు. ముసవ్విర్ అనగా రూపాలను తీర్చువాడు. అల్లాహ్ శుభనామాలలోనూ ఈ పదమున్నదని మన విద్యార్థులు ఎరుగుదురు. ఒక ముస్లిం ప్రభువు ఒక జైన కళాకారునికి ఇంతటి పదాన్ని బిరుదులో చేర్చి ఇచ్చుట నాకు ఎప్పుడూ విశేషంగానే తోచును. కవి కూడా అయిన నిజాము ఈయన నేర్పును మెచ్చుచు ఉర్దూలో ఒక షేర్ చెప్పినాడని ప్రసిద్ధి.

1892లో హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరచుట ఆయన చేసిన పనులలో నాకు మిక్కిలి నచ్చినది. పరదాలో ఉండు స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చుండి చిత్రం తీయించుకొనుట అసాధ్యం. ఆయన ఆ ఆచారాన్ని విమర్శించుచు కూర్చోలేదు. చుట్టూ ఎత్తైన గోడలు కట్టించి, కెన్నీ–లెవిక్ అను ఆంగ్ల మహిళకు ఆ స్టూడియో బాధ్యత నప్పగించారు. పని అంతా స్త్రీల చేతనే జరిగేది. ఆ గోడలు లేకుంటే ఆ కాలపు కులీన స్త్రీలలో పలువురి ముఖాలు వారి మనుమరాండ్రకు సైతం తెలియకపోయేవి.

1893లో చికాగో మహాప్రదర్శనలో ఆయన చిత్రాలు ప్రదర్శింపబడినవి. 1896లో బొంబాయిలో స్టూడియో తెరచారు. 1897లో విక్టోరియా రాణి నుండి రాజముద్ర గల నియామక పత్రం వచ్చినది. 1902లో వరంగల్లు వైపు నెక్కొండ అడవులలో చంపిన పులితో కర్జన్ దంపతులు నిలుచున్న ప్రఖ్యాత చిత్రం ఆయన స్టూడియోదే. ఔరంగాబాదు ప్రాంతపు కరువు సహాయ కార్యాలను కూడా ఆయన చిత్రించారు. పులి చిత్రం ఎరిగినవారిలో ఈ కరువు చిత్రాలను ఎరిగినవారు తక్కువ. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. మరుసటి సంవత్సరం జూలై 5న దీన్‌దయాళ్ కన్నుమూశారు.

ఆయన పోయిన పిమ్మట ఆ వేలాది చిత్రాల గతి ఏమయినది? ఇంగ్లండులో ప్రపంచయుద్ధాల నాటి నౌకాదళాధికారుల పాత చిత్రాలను వెదకి కూడబెట్టు అభిరుచి గలవారున్నారు. పేరు లేని చిత్రం చేత చిక్కితే వారు ముందుగా ముంజేతి పట్టీలు లెక్కింతురు: రెండయితే లెఫ్టినెంటు, మూడయితే కమాండరు, నాలుగయితే కెప్టెను. పట్టీలు అలలవలె వంపులు తిరిగి ఉంటే స్వచ్ఛంద రిజర్వు దళంవాడు. ఆపైన అట్ట వెనుక స్టూడియో పేరు, రేవు పట్టణం పేరు చూచి, ఓడ యేదో, మనిషి ఎవడో ఆరా తీయుదురు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు సముద్రం దూరం. అయినను పటాలాలలో పని చేసినవారి ఇండ్లలో ఇట్టి అట్టలు ఇంకను గోడలకు వ్రేలాడుచున్నవి.

దీన్‌దయాళ్ విషయంలో అదృష్టం కొంత తోడ్పడినది. ఆయన స్టూడియోలో పలకల మీదనే సంఖ్యలు, పేర్లు వ్రాసే అలవాటుండెను. వంశీయుల వద్ద మిగిలిన 2,857 గాజు పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించినది. 2006లో తపాలాశాఖ ఆయన స్మారకంగా బిళ్ళ విడుదల చేసినది.

మా విద్యార్థి తెచ్చిన చిత్రం ఆయన స్టూడియోదేనా? దానిని తేల్చగల అంచు కత్తిరించబడినది గనుక నేను ఏ మాటా చెప్పలేకపోతిని. ఫ్రేము విప్పించి, వెనుక ఒక తెల్లకాగితం పెట్టించి, దానిపై పెన్సిలుతో ఉర్దూలోను తెలుగులోను వివరాలు వ్రాయించితిని. ముత్తాత పేరు, ఊరు వాని నాయనమ్మ చెప్పినది. సంవత్సరం ఆమెకు తెలియదు. కుర్చీలోని అధికారి పేరు వ్రాయవలసిన పంక్తి ఖాళీగానే ఉన్నది.