మెట్రిక్ మూడోసారి పాసైన శాస్త్రవేత్త: యల్లాప్రగడ సుబ్బారావు



బైపీసీ చదువుతున్న పిల్లలున్న ఇంట్లో ఒక ప్రశ్న ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. నీట్‌లో సీటు రాకపోతే ఎలా? ఆదిలాబాద్‌లో రిమ్స్ ముందు నుంచి వెళ్లేటప్పుడు మీకూ అది గుర్తొచ్చే ఉంటుంది. తెల్లకోటు అనగానే మనకు డాక్టరే కనిపిస్తారు. ఆ డాక్టరు చేతికి మందు అందించిన పరిశోధకుడు కనిపించడు. ఈ నెల అలాంటి ఒక తెలుగువాడి గురించి చదవండి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు సంతానంలో నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందే. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనే వేసుకుని వెళ్లేవారు. అది సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్. సర్కారు వైద్య ఉద్యోగమూ దొరకలేదు. మద్రాసులోనే ఒక ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది పేగులు పీల్చుకోలేవు, ఒంట్లో రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం ధర్మసంస్థ అండతో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల మీద డిప్లొమా చదివారు. ఖర్చులకు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పనీ చేశారు. తర్వాత సైరస్ ఫిస్కే దగ్గర జీవరసాయన శాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టారు.

పరిశోధన చదువు ఎలా ఉంటుందో ఇక్కడ గమనించండి. ఆయన చేసిన మొదటి పెద్ద పని మందు కనిపెట్టడం కాదు, కొలవడం. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు మార్పును బట్టి తేల్చే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు 1925లో ప్రచురించారు. కండరాల నుంచి తీసిన ద్రవంతో అదే పరీక్ష చేస్తే రంగు రావాల్సినంత త్వరగా రాలేదు. లెక్క తప్పిందని వదిలేయకుండా, ఎందుకు ఆలస్యమవుతోందని వెతికారు. అలా ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. ఆ వెంటనే, కండరం పనిచేయడానికి శక్తినిచ్చే ఏటీపీనీ గుర్తించారు. ఈ రోజు మీ పిల్లల బయాలజీ పుస్తకంలో ఏటీపీ లేని శక్తి పాఠం ఉండదు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీకి మారి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. తమ్ముణ్నీ అన్ననూ తీసుకుపోయిన స్ప్రూకు అది మందుగా పనిచేసింది. ఇప్పుడు గర్భిణులకు ఇచ్చేదీ అదే. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే రసాయనాలనూ ఆ బృందమే చేసింది. వాటిలో ఒకదానితో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సర్ పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం కలుగుతుందని చూపించారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్‌కూ, మన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద దాడిచేసే రుమటాయిడ్ జబ్బుకూ వాడుతున్నారు.

అదే ప్రయోగశాలలో, డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ పొలం మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ రకం మందుల్లో మొదటిది అదే. బోదకాలు మందు డీఈసీ కూడా సుబ్బారావు బృందానిదే. కరీంనగర్ వైపు ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్రలు మీకు గుర్తుండే ఉంటాయి. అవి ఆయన దగ్గర నుంచి వచ్చినవే.

ఈ కథకు ఇంకో వైపు కూడా ఉంది. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే నిద్రలో కన్నుమూశారు. ఒక శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బిళ్ల విడుదల చేసింది.

కాబట్టి పరీక్ష తప్పితే ఏం కాదులే అని చెప్పడానికి ఈ కథ సరిపోదు. పరిశోధన చదువు తేలికా కాదు, ఫలితం త్వరగా రాదు. సీటు రానివాళ్లకు మిగిలిన దారిగా మాత్రం దాన్ని చూడకండి. మన కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఉంది. ఆ తర్వాత నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూనే ప్రతినెలా ఫెలోషిప్ అందుతుంది. సుబ్బారావులా రాత్రిళ్లు ఆసుపత్రి పనికి వెళ్లాల్సిన అవసరం ఉండదు.

మార్కులు చూసే ముందు మీ అమ్మాయిని, అబ్బాయిని ఒక విషయంలో గమనించండి. పెరుగు ఎందుకు తోడుకోలేదు, నిన్నటి పప్పు ఎందుకు పులిసింది అని అడుగుతున్నారా? జవాబు దొరికేదాకా వదలడం లేదా? రంగు ఎందుకు ఆలస్యంగా వచ్చిందని సుబ్బారావు అడిగింది కూడా అలాంటి ప్రశ్నే. అలాంటి పిల్లలు మీ ఇంట్లో ఉంటే, నీట్ ఫలితం ఏదైనా సరే, ఈ దారి గురించి వాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడండి.