సవర పిల్లల మాస్టారు

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడిన పెద్దాయనగా మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఆయన సవర పిల్లల మాస్టారు కూడా అన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. డీఎడ్, బీఎడ్ పూర్తిచేసి మొదటిసారి తరగతి గదిలో అడుగుపెట్టబోయే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఆయన కథ చెబుతాను.

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 30 రూపాయలు. అప్పటికి మీసకట్టు కూడా సరిగా రాని వయసు. పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా బీఏ పూర్తిచేశారు.

పర్లాకిమిడి చుట్టూ సవరల కొండలు. ఆ పిల్లలకు చదువు చెప్పాలని పంతులుగారికి కోరిక పుట్టింది. కానీ వాళ్ల మాట ఆయనకు రాదు. సవర మన తెలుగు కుటుంబపు భాష కాదు, ముండా కుటుంబానిది. పిల్లలే తెలుగు నేర్చుకుని రావాలని ఆయన అనుకోలేదు. రెండు భాషలూ వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, తానే శిష్యుడై ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, వాటి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకొద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది, ఆ తర్వాత నిఘంటువూ వచ్చింది. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఇక నా మాట. నేను జాతాపు ఇంటి పిల్లని. మాది తెలుగే. మొదటి ఏడాది ఒక కొండ బడిలో మూడో తరగతి ఇచ్చారు. పిల్లలంతా సవరలే. ఒకటే గోల. బల్లమీద బెత్తంతో కొడితే రెండు నిమిషాలు నిశ్శబ్దం, మళ్లీ మామూలే. శిక్షణలో నేర్చుకున్నవేవీ పనిచేయలేదు. రాత్రిళ్లు ఏడ్చి, ఉద్యోగం మానేద్దామనుకున్నాను. ఒకరోజు వెనక బెంచీ పిల్లను నీళ్లను మీ ఇంట్లో ఏమంటారని అడిగాను. చెప్పింది. నేను పలికితే తరగతంతా నవ్వింది. సరిగా పలికేదాకా నన్ను వదల్లేదు. ఆ రోజు ఎవరూ లేచి తిరగలేదు. అప్పుడు తెలిసింది: వాళ్లది అల్లరి కాదు, నా మాట వాళ్లకు అందలేదు, అంతే.

అందుకే చెబుతున్నాను. మొదటి నెలలో సిలబస్ కాస్త వెనకబడినా ఫరవాలేదు. ప్రతి పిల్లవాడి పేరు, ఆ ఇంటి మాటలు ఒక నోటుబుక్కులో రాసుకోండి. మీకు సవరో, కువియో వస్తే తరగతిలో దాచుకోకండి. ఆనాడు ఒక తెలుగు పంతులు కష్టపడి నేర్చుకున్నది, మీకు అమ్మ ఒడిలోనే వచ్చింది.