ఆరు చుక్కల లిపికర్త లూయీ బ్రెయిలీ

తరగతిలో అధ్యాపకుడు పాఠం చెబుతూంటే చూపుగల విద్యార్థి తలవంచి కాగితంపై వ్రాసుకుంటాడు. ఇది అతిసహజమైన పని కనుకనే దీని విలువ మనకు తోచదు. విన్నదంతా జ్ఞాపకంలో నిలువదు. తన చేతితో వ్రాసుకొని, తిరిగి తానే చదువుకొనగలిగిన నాడే పాఠం తనదౌతుంది. రెండు వందల సంవత్సరాల క్రితం వరకు అంధులకు ఇందుకు సులభమైన సాధనమేదీ లేదు. ఆ లోటు తీర్చినవాడు లూయీ బ్రెయిలీ. అంధులు చదువుకొనే లిపిని కనిపెట్టినవాడుగా లోకం ఆయనను స్మరిస్తుంది. కాని ఆయన ఇచ్చిన కానుకలలో చదువుకంటె వ్రాతే పెద్దదని మా అభిప్రాయం.

ఫ్రాన్సు దేశంలో, పారిస్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కూవ్రే అనే చిన్న గ్రామముంది. అక్కడ 1809 జనవరి 4వ తేదీన లూయీ జన్మించాడు. తండ్రి సిమోన్ రెనే గుర్రాలకు జీనులు, పగ్గాలు తయారుచేసే పనివాడు. మూడేండ్ల ప్రాయంలో తండ్రి పనిశాలలో ఆడుకొంటూ, తోలుపనికి వాడే పదునైన పనిముట్టుతో బాలుడు ఒక కన్ను పొడుచుకొన్నాడు. ఆ గాయం చీము పట్టి రెండవ కంటికి కూడ సోకింది. అయిదేండ్లు నిండేసరికి చూపు పూర్తిగా పోయింది. ఆ పనిముట్టు తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె అని కొందరు, వంకీ కత్తి అని మరికొందరు వ్రాశారు. చూపు తీసిన ఆరె వంటి సాధనంతోనే ఆయన లిపిని సృష్టించాడని చెబితే కథ రక్తి కడుతుంది గాని, చరిత్రకు ఆ అలంకారం అవసరం లేదు.

తల్లిదండ్రులు బిడ్డను మూల కూర్చోబెట్టలేదు. ఊరి బడికి పంపారు. విని నేర్చుకోవడంలో బాలుడు తోటివారిని మించిపోయాడు. 1819లో, పదేండ్ల వయస్సులో, పారిస్‌లోని రాజకీయ అంధబాలుర విద్యాలయంలో చేరాడు. వాలెంటీన్ అవీ అనే మహనీయుడు స్థాపించిన ఆ పాఠశాలలో పుస్తకాలు ఉండేవి. అవి మామూలు రోమన్ అక్షరాలనే కాగితంపై ఉబ్బెత్తుగా అచ్చొత్తినవి. అక్షరాలు పెద్దవి, పుటలు దళసరివి, పుస్తకాలు మోయరానంత బరువైనవి. వేలితో ఒక్కొక్క అక్షరం చుట్టూ తడిమి పోల్చుకొంటూ వాక్యం చివరకు వచ్చేసరికి మొదలు మరపున పడేది. అంతకంటె పెద్ద లోపమేమంటే, అటువంటి అక్షరాన్ని విద్యార్థి తన చేతితో తేలికగా వ్రాసుకోలేడు. చూపుగలవారి కంటికి అందమైన లిపిని అంధుల వేలికి అప్పగించడమే అక్కడ జరిగిన పొరపాటు.

1821లో షార్ల్ బార్బియే అనే సైనికోద్యోగి తాను కల్పించిన చుక్కల వ్రాతను ఆ విద్యాలయానికి తెచ్చాడు. నిలువున ఆరు, అడ్డంగా రెండు, మొత్తం పన్నెండు చుక్కల గడి అది. వాటిని కాగితంపై పొడవడానికి మొన గల కలం, గాడులు గల పలక కూడ ఆయన రూపొందించాడు. వేలికి గీతకంటె చుక్క సులభంగా తెలుస్తుందన్న సత్యం బార్బియే దయవల్లనే లూయీకి అందింది. అయితే ఆ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. పన్నెండు చుక్కల గడి వ్రేలికొన క్రింద ఒక్కసారిగా ఇమడదు. పైగా ఆ గుర్తులు శబ్దాలకే గాని అక్షరాలకు కావు. కనుక వర్ణక్రమానికి అందులో చోటు లేదు. పలికినట్లే వ్రాసే తెలుగువారికి ఈ రెండవ లోపం అంత తీవ్రంగా కనబడకపోవచ్చు. సే, సీన్, స్వాద్ అనే మూడక్షరాలనూ ఒకే సకారంగా పలికే ఉర్దూ సోదరులకు మాత్రం వెంటనే బోధపడుతుంది. పలుకని అక్షరాలతో నిండిన ఫ్రెంచి భాషకు అది మరీ పెద్ద కొరత.

పగలు పాఠాలు, రాత్రులు చుక్కలు. ఇలా సాగింది లూయీ శ్రమ. 1824 నాటికి, పదిహేనవ ఏట, గడిని ఆరు చుక్కలకు కుదించాడు. నిలువున మూడేసి చుక్కలు, రెండు వరుసలు. వ్రేలికొన కదలకుండానే గుర్తు మొత్తం తెలిసిపోతుంది. ఈ ఆరింటిని రకరకాలుగా కలిపితే అరవైమూడు గుర్తులేర్పడతాయి. మొదటి పది అక్షరాలకు పైనున్న నాలుగు చుక్కలే చాలు. తరువాతి పదింటికి అవే రూపాలు, క్రింద ఎడమ చుక్క అదనం. కంఠస్థం చేయడానికి ఇంతకంటె సులువైన క్రమం ఉండదు. సంగీతానికి కూడ ఇవే చుక్కలు. 1829లో ఆయన ఈ విధానాన్ని గ్రంథంగా ప్రకటించాడు. అందులో చుక్కలతోపాటు చిన్న గీతలు కూడ ఉండేవి; వ్రాయడానికి అవి కష్టమని తెలిసి 1837 నాటి రెండవ కూర్పులో తొలగించాడు.

ఇక్కడ మన రెండు భాషల పాఠకులకు ఒక విశేషం చెప్పాలి. పలకమీద చుక్కలు పొడిచినప్పుడు అవి కాగితం వెనుకవైపు ఉబ్బుతాయి. అందువల్ల వ్రాసేవాడు ఉర్దూ వలె కుడినుండి ఎడమకు వ్రాసుకుపోతాడు. కాగితం త్రిప్పి తెలుగు వలె ఎడమనుండి కుడికి చదువుకొంటాడు.

బ్రెయిలీ అదే విద్యాలయంలో ఉపాధ్యాయుడైనాడు. పారిస్ చర్చిలలో ఆర్గన్ వాద్యకారుడుగా పేరు గడించాడు. అంధుడు వ్రాసినది చూపుగల బంధువులు కూడ చదువగలగాలని తలచి, 1839లో మామూలు అక్షరాల ఆకారాన్నే చుక్కలతో తీర్చే మరొక పద్ధతిని ప్రకటించాడు. అది చేతితో నెమ్మదిగా సాగే పని. ఆ విద్యాలయంలోనే చదివిన ఫూకో అనే అంధుడు 1841లో ఇందుకొక యంత్రాన్ని నిర్మించాడు. మీటలు నొక్కితే కాగితంపై చుక్కలతో అక్షరం ఏర్పడేది. రెమింగ్టన్ టైపు యంత్రం అంగడికి రావడానికి ముప్పదేండ్లకు పూర్వం ఇద్దరు అంధుల మైత్రి ఫలితంగా పుట్టిన యంత్రమిది. దీని గురించి తెలిసినవారు చాల తక్కువ.

ఇంతలో 1840లో విద్యాలయానికి క్రొత్త అధిపతి వచ్చాడు. ద్యూఫో అనే ఆ అధికారి చుక్కల లిపిని నిషేధించాడు. అంధులకు వేరొక లిపి ఉంటే వారు లోకంనుండి వేరైపోతారని వాదించినవారు ఆ కాలంలో ఉన్నారు. ఈ వాదం పైకి దయగానే కనబడుతుంది. కాని విద్యార్థులు తమ వ్రాతను వదలుకోలేదు; చాటుగా వ్రాసుకొన్నారు, చాటుగా చదువుకొన్నారు. చివరకు ఉపాధ్యక్షుడైన గ్వాదే ఆ లిపి గుణాన్ని గ్రహించి అధిపతి మనస్సు మార్చాడు. 1844లో నూతన భవన ప్రారంభోత్సవంనాడు ఆ లిపిని ప్రజలయెదుట ప్రదర్శించారు. అప్పటికే బ్రెయిలీని క్షయరోగం కృశింపజేస్తూ ఉంది. 1852 జనవరి 6వ తేదీన, నలుబదిమూడేండ్లు నిండిన రెండవ దినాన, ఆయన మరణించాడు. ఆ విద్యాలయం 1854లో ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది. నూరేండ్ల తరువాత, 1952లో, ఆయన అస్థికలను పారిస్‌లోని పాంథియాన్‌కు తరలించారు. చేతులను మాత్రం కూవ్రే గ్రామస్థులు తమవద్దనే ఉంచుకొన్నారు.

వ్రాత యంత్రాల కథ ఆయనతో ముగియలేదు. 1892లో అమెరికాలో ఫ్రాంక్ హాల్ ఆరు మీటల బ్రెయిలీ యంత్రాన్ని తయారుచేశాడు: ఒక్కొక్క చుక్కకు ఒక మీట. అక్షరానికి కావలసిన మీటలన్నీ ఒకేసారి నొక్కాలి. వీణపై స్వరం పలికించడం కంటె హార్మోనియంపై పలు మెట్లు కలిపి నొక్కడం వంటిది. 1951లో పెర్కిన్స్ యంత్రం తయారీ మొదలైంది. అదే సంవత్సరం మన దేశంలో వివిధ భాషలకు ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ ఏర్పడింది.

నేటి ఎలక్ట్రానిక్ పరికరాలలో కాగితమే లేదు. వ్రాసినది యంత్రంలో భద్రమౌతుంది. చదువదలచినప్పుడు సన్నని సూదులు వరుసగా పైకి లేచి వ్రేళ్లకు తగులుతాయి. మరుక్షణం దిగి తరువాతి మాటకు చోటిస్తాయి. చదివి వినిపించే కంప్యూటర్లు ఉండగా ఇవెందుకని అడిగేవారున్నారు. చెవి అధ్యాపకుని మాటకు కావాలి. అదే చెవితో తన వ్రాతను కూడ వినాలంటే రెండూ చెడతాయి. వేలు ఆ భారాన్ని తీసుకొంటుంది. పేరు ఎలా వ్రాయాలో, గణిత సూత్రంలో ఏ గుర్తు ఎక్కడుందో వినికిడికంటె స్పర్శకే నిశ్చయంగా తెలుస్తుంది. అయితే ఈ పరికరాల ఖరీదు మన విద్యార్థులలో అధికులకు అందనిది. ఆ బాధను కొంత తీర్చినవి సెల్‌ఫోన్లు. 2014లో ఐఫోన్‌లోను, 2020లో ఆండ్రాయిడ్‌లోను ఫోను అద్దంపైనే బ్రెయిలీ వ్రాసే సదుపాయం వచ్చింది. అద్దం బయటివైపుకు ఉండేట్లు ఫోనును అడ్డంగా పట్టుకొని, ఇరుప్రక్కలనుండి మూడేసి వ్రేళ్లతో తాకుతారు. చదివే సూదులు మాత్రం అందులో లేవు.

కంప్యూటరు అవసరాలకై గడి క్రింద మరి రెండు చుక్కలు చేర్చి ఎనిమిది చేశారు. పైనున్న ఆరు మాత్రం 1824లో ఆ పదిహేనేండ్ల బాలుడు అమర్చిన చోటనే ఉన్నాయి. ఆ ఆరింటిలో మొదటిది, మూడవది కలిపి నొక్కితే తెలుగు విద్యార్థికి కకారం, ఉర్దూ విద్యార్థికి కాఫ్ వస్తుంది.