కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

ఆంధ్రదేశమున బలమను మాట వినబడినంతనే పెద్దల నోట వెలువడు పేరు కోడి రామమూర్తి నాయుడు. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టము ఆయన జన్మస్థానము. బాల్యముననే తల్లిని కోల్పోయి, విజయనగరమున పోలీసు ఉద్యోగియైన పినతండ్రి నారాయణస్వామి యింట పెరిగెను.

బాలునికి పుస్తకముకంటె తాలింఖానా యెడల మక్కువ మెండు. దండీలు, బస్కీలు, కుస్తీ ఆయనకు నిత్యకృత్యములయ్యెను. పిమ్మట మద్రాసునందలి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమునకు మరలివచ్చి వ్యాయామోపాధ్యాయుడయ్యెను. మిత్రుడగు పొట్టి పంతులు తోడ్పాటుతో సర్కసు నెలకొల్పి దేశమంతయు సంచరించెను.

ఱొమ్మునకు ఇనుపగొలుసు చుట్టించుకొని, ఊపిరి పూరించి దానిని తునుకలు చేసెడివాడు. ఱొమ్ముపై పలక నుంచి, దానిపై ఏనుగును నడిపించుకొనెడివాడు. కదలబోవు మోటారుకార్లను గొలుసులతో పట్టి నిలిపెడివాడు. 1905 మొదలు 1910 వరకు వైస్రాయిగా నుండిన మింటో ప్రభువు తన కారును నిలుపుమని కోరగా, అదియు కదలలేదని ప్రతీతి. జనులాయనను కలియుగ భీముడని కొనియాడిరి.

ఈ ఘనకార్యములకు మూలము కండ యొక్కటియే కాదు. దండీ తీయువేళ భుజములు, మణికట్లు, వెన్ను వంగి సాగును. బస్కీ తీయువేళ తుంటి, మోకాలు, చీలమండ పూర్తిగా మడిగి లేచును. బరువు మోయువానికి కీళ్ల సౌలభ్యము లేనిచో, కండ పెరిగిన కొలది బెణుకులే పెరుగును. నాయుడుగారు శాకాహారి; ప్రాణాయామమును దీక్షతో సాధించిన మనుజుడు. ఏనుగు బరువు పలక వలన ఒకచోట పడక దేహమంతట పంచబడును. గాలితో నిండిన ఱొమ్ము దానికి దన్నుగా నిలుచును.

అయినను ఇందొక యపాయము కలదు. ఊపిరి బిగబట్టి బలము చూపునపుడు ఱొమ్ములోని ఒత్తిడి హెచ్చి, గుండెకు మరలివచ్చు రక్తము తగ్గును. రక్తపు పోటు ఒక్కపెట్టున పెరిగి, ఊపిరి విడిచినంతనే పడిపోవును. అలవాటు లేనివాడు సొమ్మసిల్లవచ్చును. గుండెజబ్బు గలవానికి ప్రాణాపాయమే. కావున బరువెత్తు యువకులు ఎత్తునపుడు ఊపిరి విడుచుట నేర్వవలెను. నడక, పరుగు, ఈత మున్నగువానితో గుండెకును కసరత్తు నీయవలెను. నాయుడుగారి ప్రదర్శనము నొక్కనాట అనుకరింపబూనుట అవివేకము. అనుకరింపదగినది ఆయన యేండ్ల తరబడి చేసిన సాధన.

ఆయన ఆర్జించిన ధనమునకు లెక్క లేదు. చేసిన దానములకును లెక్క లేదు. కాని విధి ఆ మహాబలునే పరీక్షించెను. కాలిపై రాచపుండు లేచి, తుదకు కాలు తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు పుచ్చుకొనక, ప్రాణాయామ బలముననే ఆ శస్త్రచికిత్సను సహించెనని చెప్పుదురు. కార్లను నిలిపిన పాదములలో ఒకటి పోయినను, ఊపిరిపై ఏలుబడి మాత్రము ఆయనను విడువలేదు.

1942 సంక్రాంతి దినములలో, ఒరిస్సాలోని పాట్నా సంస్థానపు రాజధాని బలంగీరులో ఆయన కన్నుమూసెను. శ్రీకాకుళమున ఒక క్రీడాప్రాంగణము ఆయన పేర వెలసినది. విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది. గ్రామగ్రామమున ఒక తాలింఖానా వెలసి, అందు కండతోపాటు కీలును, గుండెను కాపాడుకొను విద్య బాలురకు అబ్బిననాడే ఆ మహనీయునికి నిజమైన స్మారకము.