కుళాయి నీటికి రోజూ పరీక్ష ఎందుకు? కలరా నేర్పిన పాఠం ఇదీ!

మీ ఇంటి కుళాయి నీళ్లు తేటగా ఉన్నాయని ధీమాగా ఉన్నారా? రాబర్ట్ కోచ్‌కు అది సరిపోలేదు. 1843లో జర్మనీలో పుట్టిన ఈ డాక్టరు 1882లో క్షయ క్రిమిని కనిపెట్టారు. మన కలకత్తాకు వచ్చి 1884లో చెరువు నీటిలో కలరా క్రిమిని గుర్తించారు. క్షయకు మందంటూ 1890లో ఆయన తెచ్చిన ట్యుబర్‌క్యులిన్ మాత్రం విఫలమైంది.

1892లో హాంబర్గ్‌లో కలరాకు 8 వేల మందికి పైగా బలయ్యారు. అక్కడ ఎల్బే నది నీటిని వడకట్టకుండానే ఇళ్లకు వదిలేవారు. పక్కనే ఉన్న ఆల్టోనాదీ అదే నది నీరు. పైగా హాంబర్గ్ మురుగు కలిశాక తోడుకునేది. అయినా ఇసుక ఫిల్టర్లు ఉండబట్టి చాలావరకు తప్పించుకుంది. కానీ ఆ చలికాలంలో ఆల్టోనాలోనూ కలరా కేసులు వచ్చాయి. ఫిల్టర్ గడ్డకట్టి సరిగా పనిచేయకపోవడమే కారణమని కోచ్ తేల్చారు.

అందుకే ఒక్కో ఫిల్టర్ నీటిని విడివిడిగా, రోజూ పరీక్షించాలని పట్టుబట్టారు. మిల్లీలీటరుకు 100కు మించి బ్యాక్టీరియా ఉంటే ఆ నీటిని ఊళ్లోకి వదలొద్దన్నారు. 1905లో నోబెల్ అందుకున్న కోచ్ 1910లో కన్నుమూశారు. ఇప్పుడు మన దేశ ప్రమాణం ఇంకా కఠినం: 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఒక్క ఇ.కోలి కూడా కనిపించకూడదు.