ఆటస్థలమే ఆయన సేవాస్థలం – హెచ్. సి. బక్ గారి జీవిత చరిత్ర



మన తిరువొత్తియూరు తేరడిలో మెట్రో రైలు ఎక్కితే బండి మారకుండా నందనం స్టేషనులో దిగవచ్చును. 2021 ఫిబ్రవరిలో ఈ రైలు మార్గం మన ఊరి దాకా వచ్చింది. నందనంలో దిగినవారికి దగ్గరలోనే అడయారు నది ఒడ్డున చెట్ల నీడలో ఒక పెద్ద ఆవరణ కనిపిస్తుంది. అది వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల. పుస్తక ప్రదర్శన చూడటానికి మనలో చాలామంది ఆ మైదానంలోకి వెళ్ళి ఉంటారు. కాని ఆ కళాశాలను స్థాపించిన దైవజనుని పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆయన పేరు హ్యారీ క్రో బక్. భారతదేశంలో వ్యాయామ విద్యకు పితామహుడని ఆయనను పిలుస్తారు. ఆయన పాస్టరు కాడు, పెద్ద ప్రసంగీకుడుగా పేరు పొందినవాడూ కాడు. అయినా ఆయన చేసినది సేవే.

బక్ గారు 1884 నవంబరు 25న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఉన్న వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో చదివారు. అది సామాన్యమైన పాఠశాల కాదు. 1891 డిసెంబరులో జేమ్స్ నెయిస్మిత్ అనే ఉపాధ్యాయుడు చలికాలంలో విసిగిపోయిన విద్యార్థుల కోసం గోడకు రెండు పండ్ల బుట్టలు కట్టించి బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టింది అక్కడే. ఆయన పై అధికారి లూథర్ గులిక్ గారు శరీరం, మనస్సు, ఆత్మ అనే మూడు భుజాలతో ఒక త్రిభుజాన్ని వై.ఎం.సి.ఎ. గుర్తుగా నిలబెట్టారు. దేహం దేవుని ఆలయమని మనం ఆదివారం బడిలో నేర్చుకుంటాము. ఆ ఆలయాన్ని శుభ్రంగా, బలంగా ఉంచటం కూడా ఆరాధనలో భాగమేనని స్ప్రింగ్‌ఫీల్డ్ పెద్దలు నమ్మారు. యువకుడైన బక్ గారు ఆ నమ్మకంతోనే బయటకు వచ్చారు.

ఆయన 1919లో మద్రాసుకు వచ్చారు. అప్పటి మన ఉన్నత పాఠశాలలు ఎలా ఉండేవో కొంచెం చెప్పుకోవాలి. నెల్లూరు, ఒంగోలు, కాకినాడ, కర్నూలు అన్నీ ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. మన బాప్టిస్టు మిషనులు నడిపిన ఉన్నత పాఠశాలలు కూడా ఆ ప్రభుత్వపు విద్యాశాఖ నిబంధనల ప్రకారమే నడిచేవి. చిన్న బడిలోనైనా ఒక సాహిత్య సంఘం ఉండేది. శుక్రవారమో శనివారమో సాయంత్రం పై తరగతుల పిల్లలు చేరి తర్కం చేసేవారు. ఇంగ్లీషులో వక్తృత్వ పోటీలు, పద్య పఠనం, సంవత్సరాంతంలో ఒక నాటకం, ఇన్‌స్పెక్టరు దొర వచ్చిననాడు బహుమతులు. ఆ బహుమతి పుస్తకాన్ని ముసలితనం దాకా పెట్టెలో దాచుకున్న తాతలు మన కుటుంబాల్లోనూ ఉన్నారు.

మాటల పోటీలకు ఉన్న గౌరవం ఆటలకు లేదు. వ్యాయామం అంటే డ్రిల్లు. డ్రిల్లు మాస్టరు చాలాచోట్ల సైన్యం నుండి పింఛను పుచ్చుకొని వచ్చిన సిపాయి. పిల్లలను వరుసగా నిలబెట్టి ఎడమ కాలు, కుడి కాలు అని అరవటం, తప్పు వేసినవాడిని బెత్తంతో కొట్టటం, అంతటితో సరి. జీతం తక్కువ, తక్కిన ఉపాధ్యాయుల మధ్య స్థానం ఇంకా తక్కువ. క్రికెట్, ఫుట్‌బాల్ ఉన్న బడుల్లో కూడా పదకొండు మంది ఆడితే మిగతా వందమంది గట్టు మీద నిలబడి కేకలు వేసేవారు. బక్కగా ఉన్నవాడు, చెప్పులు లేనివాడు, హాస్టలులో గంజి త్రాగి వచ్చినవాడు ఏనాడూ బంతి ముట్టి ఎరుగడు. స్కౌటు ఉద్యమంలో కూడా మొదట్లో మన దేశపు పిల్లలకు తలుపులు తెరవలేదు. అందుకనే మద్రాసులో అనీబిసెంటు గారు భారతీయ బాలుర కోసం వేరే స్కౌటు సంఘం పెట్టవలసి వచ్చింది. 1921లో బేడెన్ పవెల్ గారు ఈ దేశానికి వచ్చిన తరువాత గాని ఆ సంగతి చక్కబడలేదు.

బక్ గారి కంటే ముందే, 1908లో, జె. హెచ్. గ్రే అనే వైద్యుడు కలకత్తాలో వై.ఎం.సి.ఎ. పక్షాన వ్యాయామ శిక్షణ పని మొదలుపెట్టారు. బక్ గారు ఆ పనిని పాఠశాల గుమ్మం దాకా తెచ్చారు. ఆయన ఆలోచన చాలా తేలికైనది. మంచి ఆటగాళ్ళను తయారుచేయాలంటే ముందు మంచి ఉపాధ్యాయులను తయారుచేయాలి. డ్రిల్లు మాస్టరును తరిమివేయటం కాదు, ఆ ఉద్యోగానికే చదువును, మర్యాదను తేవాలి. ఆ ఉద్దేశంతో 1920లో కొద్దిమంది విద్యార్థులతో మద్రాసులో వ్యాయామ విద్యా పాఠశాలను ఆరంభించారు. అదే తరువాత కళాశాలయై సైదాపేట, నందనం ప్రాంతంలోని విశాలమైన స్థలంలో స్థిరపడింది. ఆసియా ఖండంలో ఇటువంటి కళాశాలల్లో ఇదే మొదటిదని చెబుతారు.

అక్కడ శిక్షణ పొందేవారికి ఆటలు మాత్రమే కాదు, శరీర నిర్మాణ శాస్త్రం, ఆరోగ్య సూత్రాలు, పిల్లల మనస్తత్వం కూడా నేర్పించటం మొదలైంది. పాఠశాలలకు కావలసిన వ్యాయామ పాఠ్య ప్రణాళికను బక్ గారు వ్రాశారు. ఆటల నియమాలన్నీ ఒకచోట చేర్చి ఒక పుస్తకం తయారుచేశారు. అంతకు ముందు ఒక ఊరి బడి మరొక ఊరి బడితో పోటీకి దిగితే ఆట కంటే తగాదా ఎక్కువసేపు నడిచేది. గీత ఎక్కడ, ఎంతసేపు ఆడాలి, ఎవరు ఔటు అన్న ప్రతిదానికీ రెండు మాటలు. అచ్చయిన నియమాల పుస్తకం చేతిలో ఉంటే చిన్న ఊరి బడికీ పట్నం బడికీ న్యాయం ఒకటే. పేదవాడికి నియమం అండ అన్న సంగతి వలస వచ్చి బ్రతుకుతున్న మనకు వేరే చెప్పనక్కరలేదు. 1929లో వ్యాయామ్ అనే పేరుతో ఒక పత్రికను కూడా ఆయన ప్రారంభించారు. ఆ పేరు మన దేశపు మాటే అని గమనించండి.

విదేశీయుడైనా ఆయన మన ఆటలను చిన్నచూపు చూడలేదు. బాస్కెట్‌బాల్, వాలీబాల్‌తో పాటు చెడుగుడుకు కూడా చోటిచ్చారు. ఇది చిన్న విషయం కాదు. చెడుగుడుకు బంతి అక్కరలేదు, బూట్లు అక్కరలేదు, నాలుగు గజాల ఇసుక నేల ఉంటే చాలు. ఊపిరి బిగబట్టి కూతకు వెళ్ళినవాడిని పట్టుకోవాలంటే వాడి చేయో కాలో పట్టుకోవాలి. ఒకరి నీడ ఒకరి మీద పడరాదని పెద్దలు కట్టడి చేసిన ఊళ్ళలో, అన్ని కులాల పిల్లలను ఒకే గీత లోపల నిలబెట్టి ఒకరినొకరు పట్టుకోమనే ఆట అది. ఉపదేశం చేయలేని పనిని కొన్నిసార్లు ఒక మంచి ఆట చేస్తుంది.

1924లో ప్యారిస్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు భారత క్రీడాకారులకు తర్ఫీదునిచ్చి వెంట తీసుకువెళ్ళే బాధ్యత బక్ గారి మీద పడింది. ఆ జట్టులో మద్రాసు రాజధానికి చెందిన సి. కె. లక్ష్మణన్ అనే హర్డిల్స్ ఆటగాడు ఉన్నాడు. ఆయన తరువాత పెద్ద వైద్యాధికారి అయ్యాడు. పరుగు పందాల్లో మనవారు ఆ ఏడు పతకాలు తేలేదు. కాని బక్ గారు నిరుత్సాహపడలేదు. ఆయన, ఆయన సహోద్యోగి నోరెన్ గారు రాష్ట్రాలు తిరిగి ఒలింపిక్ సంఘాలు ఏర్పడటానికి కృషి చేశారు. 1927లో దోరాబ్జీ టాటా అధ్యక్షుడుగా భారత ఒలింపిక్ సంఘం ఏర్పడింది. మరుసటి సంవత్సరమే ఆమ్‌స్టర్‌డామ్‌లో మన హాకీ జట్టు బంగారు పతకం గెలిచింది.

ఇంత పేరు వచ్చినా బక్ గారు స్వదేశానికి తిరిగి వెళ్ళి సుఖంగా ఉందామనుకోలేదు. భార్య మేరీ బక్ గారు ఆయనకు పరిచర్యలో తోడుగా నిలిచారు. సుమారు పాతికేళ్ళు ఈ ఎండలోనే, ఈ మైదానంలోనే గడిపి, రెండవ ప్రపంచ యుద్ధం సాగుతుండగా 1943లో ఆయన ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆయన వయస్సు 58 సంవత్సరాలు. ఆయన శిష్యులు, వారి శిష్యులు దేశమంతటా బడుల్లో ఈల మెడలో వేసుకొని పనిచేశారు. మనం చిన్నప్పుడు భయపడుతూనే ప్రేమించిన పి.టి. మాస్టరు ఆ వరుసలోనివాడే.

ప్రియులారా, ఈ చరిత్ర ఎందుకు చెప్పుకున్నామంటే, నేడు మన పిల్లల సంగతి ఆలోచించండి. ఒక గది ఇళ్ళు, మైదానం లేని బడులు, లారీలు తిరిగే రోడ్లు. బడి వదలగానే ట్యూషను, ట్యూషను వదలగానే ఫోను. ఆట అంటే కాలం పాడుచేసుకోవటమేనని మనమే అంటున్నాము. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే ఆటలు మాన్పిస్తున్నాము. మన సంఘంలో కూడా ఆదివారం బడి వార్షికోత్సవంలో వాక్య కంఠస్థ పోటీ గెలిచిన ఇద్దరు ముగ్గురికి బహుమతులిచ్చి, మిగతా పిల్లలచేత చప్పట్లు కొట్టించి పంపిస్తున్నాము. గట్టు మీద నిలబడిన ఆ వందమందిని గూర్చి బక్ గారు భారం కలిగి పనిచేశారు. మనకు ఆ భారం ఉన్నదా?

బాలుడైన యేసు జ్ఞానంలోనే కాదు, దేహంలోనూ ఎదిగాడని లూకా వ్రాశాడు. అపొస్తలుడైన పౌలు విశ్వాస జీవితాన్ని పరుగు పందెంతో పోల్చాడు. కనుక నెలకు ఒక శనివారం సాయంత్రమైనా మన యౌవనస్థులు పిల్లలందరినీ, ఆడపిల్లలతో సహా, సముద్రపు ఒడ్డున చోటున్న దగ్గరకు తీసుకువెళ్ళి ఆడించాలని కోరుతున్నాము. గెలిచేవారిని ఏరటం తరువాతి మాట. ముందు ప్రతి బిడ్డ చేతికీ బంతి అందనివ్వండి. ప్రభువు మన పిల్లలను ఆత్మలోను దేహములోను బలపరచును గాక. ఆమేన్.