అలలకు ఎదురెళ్లిన సైనికుడు



1771లో ఇంగ్లండులో పుట్టిన సర్ విలియం హిల్లరీ, నెపోలియన్ దండెత్తి వస్తాడన్న భయం వ్యాపించిన 1803లో సొంత సొమ్ముతో సైనిక దళాన్ని సమకూర్చారు. ఆస్తి కరిగిపోగా మాన్ ద్వీపంలోని డగ్లస్ పట్టణం చేరారు. 1822 తుఫానుల్లో అక్కడ ఓడలు పగలడం చూసి, మరుసటి ఏడాది దేశానికి విజ్ఞప్తి రాశారు. ఫలితంగా 1824 మార్చి 4న లండన్‌లో ప్రాణరక్షణ సంఘం వెలిసింది. నేటికీ అందులో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులే.

రాసి ఊరుకోలేదు, తానే పడవెక్కారు. 1830 నవంబరులో, అరవైకి చేరువైన వయసులో, సెయింట్ జార్జ్ ఓడ రాతిగుట్టకు కొట్టుకున్నప్పుడు అలలు ఆయనను నీటిలోకి ఈడ్చాయి. పక్కటెముకలు విరిగాయి. అయినా సహచరులతో కలిసి ఓడలోని 22 మందినీ కాపాడారు. 1832లో ఆ గుట్టపైనే ఓడ పగిలినవారికి ఆశ్రయ గోపురం కట్టించారు. 1847లో అప్పుల బాధల మధ్యే కన్నుమూశారు.

2024 సెప్టెంబరులో ఆకేరు పొంగి మన మరిపెడ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు చాలామందిమి గట్టున నిలబడి జపమాల చెప్పుకున్నాం. అది మంచిదే. కాని దివిటీలకు నూనె ముందే సిద్ధం చేసుకున్న కన్యకలను ప్రభువు మెచ్చుకున్నారు. ప్రతి విచారణలో గట్టి తాడు, గాలి నింపిన ట్యూబులు, ఈత నేర్చిన నలుగురు యువకులు ఉంటే, అదీ ప్రార్థనే.